పేరుకున్న పులుసు: ఒక మట్టి దాక ఆత్మకథ

పల్నాటిలోని సత్తెనపల్లి ప్రాంతంలో మాంసపు పులుసులు కాచే వెడల్పు మూతి మట్టిపాత్రను దాక అంటారు. ఇక్కడ తన చరిత్ర తానే చెప్పుకొంటున్నది అటువంటి ఒక దాక. చుట్టూ పత్తినీ మిరపనూ పండించే నల్లరేగడి, ఎండితే నెర్రెలు విచ్చే గుణం వల్ల, ఒంటరిగా పాత్రలకు పనికిరాదు గనుక, ఈ దాక చెరువు అడుగు బంకమట్టికి ఇసుక కలిపిన ముద్ద నుంచి కుమ్మరి సారె మీద రూపం పొంది, ఆవంలో కాలి, గంజితోనూ నూనెతోనూ పదునెక్కి వంటింటికి చేరింది.

దీని జీవితంలో ముఖ్యమైన భాగం మేక కాళ్ల పులుసుతో గడిచింది. కాళ్లను మంట మీద కాల్చి, వెంట్రుకలు గీరి, పసుపు రాసి కడిగి, ముక్కలు కొట్టించి దాకలో వేసిన తరువాత, పత్తికట్టెతో రాజేసిన పొయ్యి మీద గంటల తరబడి సన్నని సెగలో ఉడకనిస్తారు. ఆ కాళ్లలో కండ స్వల్పం; ఉన్నదంతా చర్మం, కీళ్లు, ఎముకలను పట్టి ఉంచే నరాలు. వాటిలో కొల్లాజెన్ అనే మాంసకృత్తు సమృద్ధిగా ఉంటుంది. మూడు అణుగొలుసులు మెలివేసుకొని ఉండే ఈ పదార్థం వేడినీటిలో నెమ్మదిగా మెలి విప్పుకొని నీటిలో కలిసిపోతుంది. అలా కలిసిన రూపాన్నే జెలటిన్ అంటారు. పులుసు చల్లారినప్పుడు ఆ గొలుసులు తిరిగి అక్కడక్కడా పెనవేసుకొని వలగా ఏర్పడి నీటిని తమలో బంధిస్తాయి. పులుసు పేరుకోవడమంటే ఇదే.

అయితే పల్నాటి ఎండలో ఈ మార్పుకు అవకాశం అరుదు. పలుచని జెలటిన్ గట్టిపడాలంటే ఉష్ణోగ్రత ఇంచుమించు 20 డిగ్రీలకు దిగిరావాలి. మే నెలలో ఇక్కడ పగలు 40 డిగ్రీలు దాటుతుంది, రాత్రులూ చల్లబడవు. అందువల్ల ఈ దాకకు పేరుకున్న పులుసు పరిచయమైనది సంక్రాంతి చలిలోనే: కనుమ రాత్రి కాచి మిగిలినది, ముక్కనుమ తెల్లవారేసరికి, పైన ఎర్రని కొవ్వు పొరతో, కింద వణికే గోధుమవర్ణపు గడ్డతో కనిపించేది. అప్పుడు కూడా అన్నీ కలిసిరావాలి. చింతపండు పులుపు ఎక్కువైతే జెలటిన్ వల బలహీనపడుతుంది. మాంసం త్వరగా మెత్తబడాలని కలిపే పచ్చి బొప్పాయిలోని పపైన్ అనే ఎంజైము, అంటే మాంసకృత్తులను తెగగొట్టే పదార్థం, ఆ గొలుసులనే ముక్కలు చేస్తుంది. పులుపు తగ్గించి, బొప్పాయి జోలికి పోకుండా, ఓపికగా కాచిన పులుసే పేరుకొనేది. దాక తన మంచి వంటలను గుర్తుపట్టింది ఈ ఆనవాలుతోనే.

చలి దేశాల వారు ఇదే పదార్థాన్ని విందుకు తగిన వంటకంగా తీర్చుకొన్నారు. ఫ్రెంచివారి ఆస్పిక్, నూతన సంవత్సరానికి రష్యన్లు చేసుకొనే ఖోలదెత్స్ ఈ కోవలోవే. అమెరికాలో పీటర్ కూపర్ 1845లో జెలటిన్ పొడికి పేటెంటు పొందగా, 1897లో జెల్లో అనే తీపి జెలటిన్ పొడి వచ్చింది. ఇరవయ్యో శతాబ్ది మధ్యలో కూరగాయలనూ చేపలనూ అచ్చుల్లో పోసి గట్టిపరచిన ఉప్పని వంటకాలు అక్కడి విందు బల్లలపై విరివిగా కనిపించి, తరువాత ఆదరణ కోల్పోయాయి. తెలుగు వంటింట్లో మాత్రం పేరుకున్న పులుసును తిరిగి వేడిచేయవలసిన మిగులుగానే చూశారు. ఇది అన్యాయమని దాక అభిప్రాయం. ముంజకాయలోని జారుడు మెత్తదనాన్ని వేసవిలో ఇష్టంగా తినే నాలుక, అదే మెత్తదనం ఉప్పుతో, కారంతో వచ్చినప్పుడు వెనుకాడటానికి అలవాటు తప్ప వేరే కారణం లేదు.

చద్దన్నంలో ఆ గడ్డను చెంచాడు వేసుకొన్నవారికి దాని విశేషం వెంటనే తెలిసేది. మేక జెలటిన్ దేహపు వేడికి కొద్దిగా దిగువనే కరుగుతుంది కాబట్టి, నోట్లో పడిన తొలి క్షణంలో చల్లదనం తప్ప మరేమీ తెలియదు. కరిగే కొద్దీ ధనియాలు, వెల్లుల్లి, చివరగా మిరపకారం ఒకదాని వెనుక ఒకటి బయటపడతాయి. పొగలు కక్కే పులుసులో ఇవన్నీ ఒక్కసారే తగులుతాయి గనుక ఆ వరుస తెలియదు.

ఇప్పుడు ప్రెషర్ కుక్కరు గంటల పనిని నిమిషాలకు తగ్గించగా, ఫ్రిజ్ రోహిణి కార్తెలో కూడా కాళ్ల పులుసును పేరుకొనేలా చేస్తున్నది. చేపల పులుసు సైతం అందులో గడ్డకడుతున్నది. చేపల జెలటిన్‌లో గొలుసులను నిలబెట్టే హైడ్రాక్సీప్రోలిన్ అనే అంశం మేక జెలటిన్‌లో కన్నా తక్కువ కాబట్టి, దానికి మరింత చలి కావాలి. ఈ దాకలో కాచిన చేపల పులుసు మర్నాటికి రుచి పెరిగి చిక్కబడేదే తప్ప, ఏ సంక్రాంతికీ పేరుకోలేదు.