ఎక్కే వచ్చిన గద సార్

మా రోజుల్లో ‘ఉద్యోగం లేదు’ అని చెప్పడానికి రెండు నిమిషాలు పట్టేది. ఇప్పుడు ఆరు రౌండ్లు పడుతోంది. ఇదీ మనం సాధించిన అభివృద్ధి.

తార్నాకలో మా పక్కింటి అమ్మాయికి చూపు లేదు. ఉస్మానియాలో ఎం.సి.ఏ. చేసింది. మొన్న రాయదుర్గం వైపు ఒక కంపెనీ పిలిస్తే వెళ్లింది. చెవిలో స్క్రీన్ రీడర్ గబగబా చదువుతుంటే, వాళ్ల కళ్లముందే ప్రోగ్రాం రాసి చూపించింది. అది చదివే వేగానికి నాకైతే ఒక్క ముక్క అర్థం కాదు. వాళ్లు ‘ఇన్‌స్పైరింగ్’ అన్నారు, సెల్ఫీలు దిగారు. అంతే, మళ్లీ ఫోను లేదు. నేను గొణుగుతూ కూర్చుంటే, “పోనీలే తాతయ్యా, ఫొటో బాగా వచ్చిందట” అని నవ్వింది.

1979లో నాతో ఎవరూ ఫొటో దిగలేదు లెండి.

పోలియో నా కుడికాలిని రెండేళ్ల వయసులోనే తీసుకుపోయింది. చంకలో కర్రతో తార్నాక చౌరస్తా నుంచి ఉస్మానియా ఆర్ట్స్ కాలేజీ దాకా నడిచేవాణ్ణి. 1939లో నిజాం ప్రారంభించిన మేడ అది. చూడ్డానికి రాజమహల్లాగా ఉంటుంది, మెట్లూ అలాగే ఉంటాయి. ఆ మెట్ల మీద కూర్చుని ప్రపంచాన్ని మార్చేద్దామనుకున్న వాళ్లను చాలామందిని చూశాను. నాకు పైదాకా ఎక్కితే చాలు, ఆ రోజుకు విప్లవం అయిపోయినట్టే.

ఎం.ఏ. అయింది, టైపు హయ్యర్ పాసయ్యాను. ఒక ఫ్యాక్టరీ ఆఫీసు నుంచి ఇంటర్వ్యూకు కార్డు వచ్చింది. మేనేజరు నా టైపు చూడలేదు, సర్టిఫికెట్ తిప్పలేదు. కర్రవైపు చూసి, “మా ఆఫీసు మేడమీద కదయ్యా, మెట్లు ఎట్లా ఎక్కుతావు?” అన్నాడు.

ఇంటర్వ్యూ జరుగుతున్నది ఆ మేడమీదే. “ఎక్కే వచ్చిన గద సార్” అన్నాను.

ఆయన కాసేపు ఆలోచించి, “ఇవాళ ఎక్కినవ్ సరే, రోజూ ఎక్కాలె కదా” అన్నాడు. అయిపోయింది. దిగడానికి మాత్రం ఎక్కినదానికన్నా ఎక్కువసేపు పట్టింది.

చివరికి కేంద్ర ప్రభుత్వం పుణ్యమా అని ఒక గుమాస్తా కుర్చీ దొరికింది. 1977లో వాళ్లు గ్రూప్ సి, డి కొలువుల్లో మాలాంటి వాళ్లకు 3 శాతం కేటాయించారు. సి, డి అంటే గుమాస్తాలు, అటెండర్లు. ఎం.ఏ. చదివినా అంతకుమించి ఆశపడకూడదని అందులోనే ఉంది. చూపులేని వాళ్లకైతే టెలిఫోను బోర్డు, లేదంటే ఆఫీసు కుర్చీలకు కేన్ అల్లే పని. కుర్చీ అల్లొచ్చు, అందులో కూర్చునే మాట ఎవరూ ఎత్తేవారు కాదు.

ఈ కథంతా పాతదే అనుకుంటుండగా 2024 జులై వచ్చింది. స్మితా సభర్వాల్ అనే సీనియర్ ఐఏఎస్ అధికారిణి, ఐఏఎస్ లాంటి సర్వీసుల్లో ఈ కోటా ఎందుకని ఎక్స్‌లో అడిగారు. వైకల్యం ఉన్న పైలట్‌ను విమాన సంస్థ పెట్టుకుంటుందా, అలాంటి సర్జన్‌ను మీరు నమ్ముతారా అన్నది ఆమె ప్రశ్న. ఊళ్లు తిరగాలి, గంటల తరబడి పనిచేయాలి, జనం గోడు నేరుగా వినాలి, అందుకు ఒంట్లో దార్ఢ్యం ఉండాలని ఆమె వాదన. హైదరాబాద్‌లో పెద్ద రగడే జరిగింది. నాకు మాత్రం కోపం కన్నా ముందు మా మేనేజరు గుర్తొచ్చాడు. పాపం, ఆయన ఒక్క మేడకే అడ్డుపెట్టాడు.

ఊళ్లు తిరగడం, గోడు వినడం అంటారా? మా ఉస్మానియాలోనే ఎం.ఏ. చదివిన ఎస్. జైపాల్‌రెడ్డి చేసిందేమిటి మరి? చిన్నప్పుడే పోలియో, చంకల్లో కర్రలు. 1969లో కల్వకుర్తి జనం ఆయన్ను ఎమ్మెల్యేను చేశారు, అదీ వరసగా నాలుగుసార్లు. మెట్లెలా ఎక్కుతావని పల్లెటూరి ఓటరు అడగలేదు. 1980లో మెదక్‌లో ఏకంగా ఇందిరాగాంధీ మీదే నిలబడ్డారు. ఓడిపోయారు, కానీ ఆ ఏడాది ఆమె మీద రెండు కాళ్లున్నవాడు నిలబడినా ఓడేవాడే. తర్వాత అయిదుసార్లు లోక్‌సభకు వెళ్లారు, కేంద్రంలో శాఖలు నడిపారు. ఆయన గుమాస్తా ఉద్యోగానికి మా మేనేజరు దగ్గరికి వెళ్లి ఉంటే ఏమయ్యేదో!

ఊరికే ఇతరులను తిట్టడం కాదు. సూపరింటెండెంటు అయ్యాక నేనూ ఒకసారి కుర్చీకి అవతల కూర్చున్నాను. వినపడని కుర్రాడొకడు ఇంటర్వ్యూకి వచ్చాడు. “ఫోను వస్తే ఏం చేస్తావు?” అని కాగితం మీద రాసి చూపించాను. ఫోను ఉండేది నా బల్లమీద, ఆ ఉద్యోగి బల్లమీద కాదు. ఆ సంగతి రాత్రి ఇంటికెళ్లాక గుర్తొచ్చింది. అప్పటికే వాడి పేరు కొట్టేసి ఉంది.

కాగితాలకేం, దండిగా వచ్చాయి. 1995 చట్టం, దాని తర్వాత 2016 చట్టం. ఏడు రకాల వైకల్యాలు ఇరవై ఒకటయ్యాయి, 3 శాతం 4 అయింది. సర్కారు శాఖలేమో ‘ఈ పోస్టు మీకు అనువైనది కాదు’ అని లెక్కలోంచే తీసేసేవి. మొత్తం పోస్టుల మీదే శాతం లెక్కగట్టాలని 2013లో సుప్రీంకోర్టు చెప్పాల్సి వచ్చింది. ప్రైవేటు వాళ్లకు ఆ శాతమూ లేదు. ఇరవైమంది, అంతకు మించి పనిచేసే చోట సమాన అవకాశాల విధానం వివరంగా రాసి పెట్టుకోవాలంతే. రాస్తున్నారు, మంచి ఇంగ్లీషులో. డిసెంబరు 3న, వికలాంగుల దినోత్సవమని, కేకు కూడా కోస్తున్నారు. పేర్లూ మార్చారు. మమ్మల్ని కుంటి, గుడ్డి అని మొహాన్నే అనేవారు, ఇప్పుడు దివ్యాంగులట. వైకల్యం ఎంతో తేల్చే సదరం సర్టిఫికెట్ కోసం క్యూలో నిలబడ్డ దివ్యత్వాన్ని నేనూ చూశాను.

ఒక్కటి మాత్రం ఒప్పుకోవాలి. తార్నాక మెట్రో స్టేషన్లో లిఫ్ట్ ఎక్కినప్పుడల్లా నాకు ఇంకా వింతగానే ఉంటుంది. ఒక్క మెట్టు ఎక్కకుండా రైలెక్కడమంటే, మా రోజుల్లో చెబితే పిచ్చోడనేవారు. మెట్లు పోయాయి. వాటిని చూపించి కాదనేవాళ్లు ఇప్పుడు ‘టీమ్‌లో ఇమడరేమో’ అంటున్నారు.

సోమవారం ఆ అమ్మాయికి ఇంకో చోట ఇంటర్వ్యూ ఉంది. ఆఫీసు ఏడో అంతస్తట. “లిఫ్ట్ ఉందా బిడ్డా?” అని అడిగాను, పాత అలవాటు.

“మాట్లాడే లిఫ్టే తాతయ్యా” అంది.