స్లీపింగ్ బ్యాగు చీటీకి టీకాతాత్పర్యం

మూలం: కంఫర్ట్ 0, లిమిట్ −6, ఎక్స్‌ట్రీమ్ −23 డిగ్రీలు, ఫిల్ పవర్ 800, త్రీ సీజన్.

టీక: కంఫర్ట్ 0 = సున్నా డిగ్రీల వద్ద ప్రామాణిక స్త్రీ ఒళ్లు సడలించి పడుకొన్నను చలి తోచనట్టిది; లిమిట్ −6 = ప్రామాణిక పురుషుడు ముడుచుకొని రాత్రిని ఎట్లో గట్టెక్కించునట్టిది; ఎక్స్‌ట్రీమ్ −23 = ఆ స్త్రీయే ఆరు గంటలు ప్రాణములతో మిగులునట్టిది, నిద్రాప్రసక్తి లేనట్టిది; ఫిల్ పవర్ 800 = ఔన్సు, అనగా 28 గ్రాముల బాతునూగు 800 ఘనపుటంగుళములు పొంగునట్టిది; త్రీ సీజన్ = గడ్డు శీతాకాలమునకు పనికిరానట్టిది. ఎచ్చటి శీతాకాలమో మూలకారుడు సెలవీయలేదు.

తాత్పర్యం: తేలికపాటి బ్యాగు కొనేవాడికి ఇందులో ప్రమాణం కంఫర్ట్ అంకె ఒక్కటే. అంగడివారు మాత్రం తరచుగా లిమిట్‌నే బ్యాగు పేరులో చేర్చి పెద్దక్షరాలతో అచ్చువేస్తారు, అదే బరువుకు ఎక్కువ వెచ్చదనం ఇస్తున్నట్టు కనిపిస్తుంది గనుక. ఈ అంకెలను తేల్చే ఐఎస్ఓ 23537 పరీక్షలో పడుకునేది మనిషి కాదు, చలిగదిలో వేడెక్కించిన బొమ్మ. దానికి ఆకలి లేదు, పగలంతా ఎక్కిన అలసట లేదు, చెమటకు తడిసిన మేజోళ్లు లేవు. మే, జూన్ నెలల్లో మనవాళ్లు వెళ్లే హిమాలయ దారుల్లో నాలుగు వేల మీటర్ల దగ్గర రాత్రి సున్నాకు దిగడం మామూలే. అక్కడ లిమిట్ 0 అని ఉన్న బ్యాగు కొన్నవాడు తెల్లవార్లూ మోకాళ్లు గడ్డానికి ఆనించుకోవాల్సిందే.

కొందరు ఇలా ఆక్షేపిస్తారు: లిమిట్ చూసి కొంటే పావుకిలో బరువు తగ్గుతుంది, చలేస్తే ఇంకో చొక్కా తొడుక్కుంటాం కదా? చొక్కా వాదం సగమే చెల్లుతుంది. బొమ్మకు ముందే లోదుస్తులు తొడిగి, కింద మ్యాట్ పరిచి కొలిచిన అంకెలివి. కాబట్టి తొలి జత అందులోనే ఖర్చయిపోయింది. బరువు తగ్గించే దారి వేరే ఉంది. ఫిల్ పవర్ పెరిగేకొద్దీ అంతే వెచ్చదనానికి తక్కువ నూగు చాలు. ధర చుక్కలనంటుతుంది, అది వేరే సంగతి. నూగు తడిస్తే ముద్దకడుతుంది, మరి సింథటిక్ మేలు కదా అంటే, వర్షాకాలపు సహ్యాద్రికి మేలే. కానీ అంతే వెచ్చదనానికి బరువెక్కువ, పదేపదే కుక్కితే పొంగూ తొందరగా పోతుంది. ఎంత ఖరీదైన నూగైనా వీపు కింద నలిగిన చోట గాలి నిలవదు. గాలి లేనిచోట వెచ్చదనమూ లేదు. అందుకే బ్యాగు మీద డబ్బంతా పోసి పల్చటి మ్యాట్‌తో సరిపెట్టుకోకండి.