302 గారి నాడీపరీక్ష

అపార్ట్‌మెంట్ కట్టేటప్పుడే పిల్లర్లతో పాటు ఒక పెద్దాయన్ని కూడా సెల్లార్‌లో నిలబెడతారేమోనని నా అనుమానం. ఏ కారు బానెట్ లేచినా ఆయన అక్కడ ప్రత్యక్షం. చేతులు వెనక్కి కట్టుకుని, కళ్ళజోడు నుదుటి మీదికి తోసి, “ఏంటి, సెల్ఫ్ అందుకోవట్లేదా?” అని అడిగారంటే ఆ బండి ఇక మీ చెయ్యి దాటిపోయినట్టే. మా సెల్లార్‌లో ఈ కొలువు 302 గారిది. ఆయనకూ ఒక పేరుంది. మెయింటెనెన్స్ రసీదు మీద ఒకసారి చూశాను.

సంక్రాంతికి బస్సులో ఊరెళ్ళి, వారం తర్వాత వచ్చి తాళం తిప్పితే నా కారు చలిజ్వరం వచ్చినట్టు టకటకమని పళ్ళు కొట్టుకుంది. తలెత్తేసరికి 302 గారు.

“బ్యాటరీ పోయింది.”

“కొని ఏడాదే అయింది కదండీ అంకుల్?”

“ఇప్పటివన్నీ అంతే బాబూ. మార్చెయ్.”

మార్చాను. ఐదువేల పైచిలుకు. నాలుగో రోజు పొద్దున కొత్తదీ పళ్ళు కొట్టుకుంది. ఆయన ఏమాత్రం తొణకలేదు. “అయితే లీకేజీ. నేను మొదట్నుంచీ అదే అనుకుంటున్నా” అన్నారు. నిన్నటి మాటకీ నేటి మాటకీ పొంతన ఉండాలనే చాదస్తం ఆయనకు లేదు.

ఆయన విద్య అంతా అంబాసిడర్ దగ్గర నేర్చింది. ఆ బండి తయారీ 2014 దాకా సాగింది కానీ, ఆయన చదువు 1980ల్లోనే ముగిసింది. మైనస్ టెర్మినల్ ఊడదీసి మళ్ళీ తగిలించారు. చిటుక్కున మెరుపు. “చూశావా లీకేజీ!” పాత బండికైతే అది సరైన పరీక్షే. తాళం తీశాక అందులో కరెంటు తాగే నాథుడు ఉండడు. ఇప్పటి కారులో ఏ రోగం లేకపోయినా ఆ మెరుపు వస్తుంది, లోపలి కంప్యూటర్లు మేలుకుని ఒక గుక్క తాగుతాయి మరి. ఆ మాట చెబితే నన్ను జాలిగా చూశారు.

తర్వాతి వైద్యానికి మాత్రం నా గుండె ఆగినంత పనైంది. 401 వాళ్ళ కారు నుంచి కేబుళ్ళు వేసి బండి స్టార్ట్ చేశాం. ఇంజన్ నడుస్తుండగానే, “ఇప్పుడు టెర్మినల్ పీకేద్దాం, ఆగిపోతే ఆల్టర్నేటర్ పోయినట్టు” అంటూ స్పానర్ పట్టారు. డైనమోల కాలంలో చెల్లిన పని అది. ఇప్పుడు చేస్తే ఓల్టేజీ ఒక్కసారిగా ఎగిరి, లోపలున్న ఎలక్ట్రానిక్స్ మాడిపోవచ్చు. స్పానర్ లాక్కున్నాను. పెద్దవాళ్ళ చేతిలోది లాక్కోవడం నా జన్మలో అదే మొదలు. ఆయన మూడు రోజులు నాతో మాట్లాడలేదు. ఆ మూడు రోజుల్లోనే నేను కోఠీ గుజరాతీ గల్లీకి వెళ్ళి మల్టీమీటర్ కొన్నాను.

ఆదివారం మధ్యాహ్నం, ఛార్జి పట్టించిన బ్యాటరీతో మొదలుపెట్టాను. 12.6 ఓల్టులు, అంటే కడుపు నిండుగా ఉంది. మైనస్ కేబుల్ ఊడదీసి, దానికీ బ్యాటరీకీ మధ్య మీటర్ తగిలించాను, పది ఆంపియర్ల రంధ్రంలో వైరు పెట్టి. డ్రైవర్ తలుపు తెరిచే ఉంచి, గొళ్ళాన్ని స్క్రూడ్రైవర్‌తో నొక్కాను, తలుపు మూశారని బండి నమ్మాలి కదా. ఇక చెయ్యాల్సిందల్లా ఏమీ చెయ్యకపోవడమే. అరగంటో ముప్పావుగంటో ముట్టుకోకుండా వదిలేస్తే లోపలి కంప్యూటర్లన్నీ ఒక్కొక్కటిగా నిద్రపోతాయి. అప్పుడు మీటర్ 0.05 ఆంపియర్లకు లోపు చూపిస్తే బండి ఆరోగ్యంగా ఉన్నట్టు.

302 గారు అలక మాని దిగొచ్చారు. పది నిమిషాలకి, ఏసీ ఆపి ఉందో లేదో చూద్దామని ఎడమ తలుపు తెరిచారు. మీటర్ నాలుగు ఆంపియర్లకు ఎగిరింది. “చూశావా, ఎంత తాగుతోందో!” అంకుల్, తలుపు తెరిస్తే లేస్తుందండీ. మళ్ళీ మొదటికి. ఇంకో పావుగంటకి గ్లోవ్ బాక్స్‌లో లైటేమైనా ఉందేమోనని మరోసారి. పసిపిల్ల ఉన్న ఇంట్లో ప్రెషర్ కుక్కర్ లాంటి మనిషి.

చివరికి ఆయన్ని గెలిచింది గోంగూర పప్పు. వాచ్‌మన్ ప్లాస్టిక్ కుర్చీలో కూలబడి, 1980ల నాటి ఒక కార్బురేటర్ కథ మధ్యలో ఆగారు. గడ్డం మెల్లగా కిందికి వాలుతోంది. మీటర్ కూడా వాలుతోంది. 1.8. గురక మొదలైంది. 0.9. గడ్డం చొక్కా రెండో గుండీ దగ్గరికి చేరేసరికి అంకె 0.44 దగ్గర ఆగింది. ఇంక దిగలేదు. నా బుజ్జి బ్యాటరీది 35 ఆంపియర్ అవర్. ఈ లెక్కన నాలుగు రోజులైనా పట్టదు ఖాళీ కావడానికి.

ఊపిరి బిగబట్టి ఒక్కో ఫ్యూజూ పీకి చూసి మళ్ళీ పెట్టాను. ఏడోది పీకగానే 0.02. ఫ్యూజు మూత మీద బొమ్మ చూస్తే లోపలి లైట్లది. ఫోన్‌లో వీడియో ఆన్ చేసి డిక్కీలో పెట్టి మూశాను. తీసి చూస్తే, చిమ్మచీకటి ఉండాల్సిన చోట, వాహనపూజ నాటి ఎండు కొబ్బరిచిప్ప పట్టపగలు లాంటి వెలుగులో కూర్చుని ఉంది. లాక్‌లోని స్విచ్ దుమ్ముతో బిగుసుకుపోయి, ఐదు వాట్ల బల్బు రాత్రింబవళ్ళు ఆ చిప్పకి దీపారాధన చేస్తోందన్నమాట. స్ప్రే కొట్టి పదిసార్లు మూసి తెరిస్తే స్విచ్ కదిలింది. అయినా నమ్మకం చాలక బల్బు పీకేశాను.

ఆ చప్పుడికి ఆయన లేచారు. “దొరికిందా? లీకేజీ అని చెప్పానా లేదా?”

చెప్పారు. కాదనలేం.

పై వారం 104 వాళ్ళ కారు మొరాయించింది. సెల్లార్‌లో నలుగురు చుట్టూ మూగారు. 302 గారు కళ్ళజోడు నుదుటి మీదికి తోసి, “ముందు బండిని నిద్రపోనివ్వాలి బాబూ. ముప్పావుగంట ఎవరూ ముట్టుకోకూడదు” అంటున్నారు. చెయ్యి డోర్ హ్యాండిల్ మీద ఉంది.