మహీలతా సంజీవని
(కొత్త తొట్టిలో వానపాముల గృహప్రవేశానికి టీకా తాత్పర్యం)

కొత్త తొట్టిలోన గుమ్మరించిన రాత్రి
వానపాము గోడవంక జూచు
దీపముంచి తిండి తేకుండ నాల్నాళ్లు
ఊరకుండు నతడె యోగ్యుడయ్య

అవతారిక

కాళిదాసు కావ్యాలకు మల్లినాథసూరి రాసిన వ్యాఖ్య పేరు సంజీవని. ఆయనది మెతుకుసీమలోని కొలిచెలమ. సంస్కృతంలో వానపాముకు మహీలత అని పేరు. ఈ రెండింటినీ ముడిపెట్టినందుకు సూరిగారు క్షమించాలి. ఈ వ్యాఖ్య చదవకపోతే పోయేవి నిజంగానే ప్రాణాలు మరి. పద్యం రాసిందీ నేనే, విప్పుతున్నదీ నేనే. కవిహృదయం కోసం తాళపత్రాలు తిరగేసే పని తప్పింది గానీ, రెండు చోట్ల కవికీ వ్యాఖ్యాతకూ పడలేదు. ఆ గొడవలు వాటి చోట వస్తాయి.

సందర్భం ఇది. ఒకానొక అపార్ట్‌మెంటు గృహస్థు కూరగాయల తొక్కల్ని చెత్తబండికి వేయడం మానేసి బాల్కనీలో ఎరువు చేద్దామని సంకల్పించాడు. పొద్దున తొట్టి కొన్నాడు, మధ్యాహ్నం వానపాములు తెచ్చాడు, సాయంత్రం అందులో వేశాడు, రాత్రి హాయిగా పడుకున్నాడు. తెల్లారేసరికి సగం వానపాములు గచ్చు మీద ఎండి అతుక్కుని ఉన్నాయి. "మా ఇంట్లో వాటికి ఏం తక్కువైంది?" అని ఆయన వాపోగా పుట్టిన పద్యమిది.

ప్రతిపదార్థం

కొత్త తొట్టిలోన = పరుపు ఇంకా పాతబడని తొట్టిలో; గుమ్మరించిన రాత్రి = వేసిన నాటి రాత్రి; వానపాము = ఎర్ర; గోడవంక జూచు = పారిపోయే దారి వెతుకును; దీపము ఉంచి = పైన వెలుతురు పెట్టి; తిండి తేకుండ = తొక్కలు వేయక; నాల్నాళ్లు = నాలుగు దినములు; ఊరకుండునతడె = చేతులు కట్టుకుని కూర్చొనువాడే; యోగ్యుడు = వానపాములను పెంచదగినవాడు; అయ్య = పాదం నిండడానికి.

తాత్పర్యం

తెచ్చారు, వేశారు. ఇక ముట్టుకోకండి.

వ్యాఖ్య

'కొత్త' అన్నది ఇక్కడ దోషవాచకం. వానపాములకు కావలసింది పాతబడిన పరుపు. కొబ్బరి పొట్టు, చింపిన న్యూస్‌పేపరు, ఎండుటాకులు, బాగా మాగిన పేడ కలిపి, తడిపి, వారం ముందే సిద్ధం చేసి ఉంచాలి. కొబ్బరి పొట్టులో ఉప్పు ఉండవచ్చు కాబట్టి ఒకటి రెండుసార్లు కడిగి వాడాలి. గుప్పెడు తీసి గట్టిగా పిండితే ఒకటి రెండు చుక్కలు రావాలి. ధార కడితే ఎక్కువ తడి, ఏమీ రాకపోతే తక్కువ. వానపాము చర్మంతోనే ఊపిరి తీసుకుంటుంది. ఆ చర్మం తడిగా లేకపోతే గాలి లోపలికి పోదు, చుట్టూ నీరు నిలిచినా గాలి అందదు. పచ్చిపేడ వేస్తే అది మాగుతూ వేడెక్కుతుంది. చెయ్యి పెడితే వెచ్చగా తగిలే పేడలో వాటిని వదలడం ఆతిథ్యం కాదు.

'గుమ్మరించిన' అన్నాడు గానీ 'పాతిపెట్టిన' అనలేదు. ఈ ఒక్కచోట కవిని మెచ్చుకోవాలి. వచ్చిన పాత మట్టితో సహా పరుపు మీద పోసి వదిలేస్తే అవే కిందికి దిగుతాయి. కొందరు శుచి కోసం కుళాయి కింద కడిగి మరీ వేస్తారు. ఆ పాత మట్టిలో అవి అలవాటుపడిన సూక్ష్మజీవులున్నాయి, దాన్ని కడిగేయకూడదు. పరుపు తడపడానికి కూడా క్లోరిన్ కలిసిన కుళాయి నీటిని ఒక రాత్రి బిందెలో నిలవ ఉంచి వాడడం మంచిది.

'వానపాము' అంటే ఏ వానపాము? పెరట్లో తవ్వితే దొరికేది కాదు. అది మట్టి లోతుల్లో బతికేది, తొట్టిలో ఇమడదు. తొట్టికి కావలసింది పైపొరలో, కుళ్లే ఆకుల్లో బతికే జాతి. ఎర్రగా చారలతో ఉండే ఐసీనియా ఫెటిడా ఒకటి. ఆఫ్రికా నుంచి వచ్చిన యూడ్రిలస్ యూజీనియే మరొకటి, చలికి తట్టుకోలేనిది. మన దేశపు పెరియోనిక్స్ ఎక్స్‌కవేటస్ కూడా పనికొస్తుంది గానీ దానికి తిరుగుడెక్కువ. పరుపు వేడి 35 డిగ్రీలు దాటితే ఏ జాతికీ సుఖం లేదు కాబట్టి, మే నెలలో గృహప్రవేశం పెట్టుకోకండి.

'గోడవంక జూచు' దగ్గర మొదటి గొడవ. కళ్లే లేని ప్రాణి చూచుట ఎట్లు అని పూర్వపక్షం. లక్షణార్థంలో వాడానంటాడు కవి. లక్షణ దాకా పోనక్కర్లేదని వ్యాఖ్యాత అభిప్రాయం. దాని చర్మంలో, ముఖ్యంగా తలవైపు, వెలుతురును పసిగట్టే కణాలున్నాయి. గోడ కనిపించకపోయినా చీకటి ఎటుందో దానికి తెలుసు. రాత్రి తొట్టి బయటా చీకటే, లోపలా చీకటే. లోపలి పరుపు కొత్తది, కారులో ఊగి ఊగి వచ్చిన ఒళ్లు. గోడ ఎక్కక ఏం చేస్తుంది? ఈ పాదంలో రసం శాంతమని కొందరు, భయానకమని కొందరు. పొద్దున్నే చెప్పుల్లేకుండా బాల్కనీలోకి వెళ్లినవాళ్లది రెండో పక్షం.

అందుకే 'దీపముంచి'. దీనికి 'దీపమార్పి' అని పాఠాంతరం ఉంది. ఛందస్సుకు లోటు లేదు, కరెంటు బిల్లుకు లాభం కూడా. కానీ గ్రాహ్యం కాదు. మొదటి రెండు మూడు రాత్రులు మూత తీసి పైన చిన్న బల్బు వెలిగిస్తే, వెలుతురు గిట్టక అవి పరుపులోకి దిగి అక్కడే ఉంటాయి. వేడెక్కే పాతకాలపు బల్బు వద్దు, పైపొర ఎండిపోతుంది. ఎర్ర బల్బూ వద్దు, ఎరుపు వాటికి దాదాపు తెలియదు.

ఇక పద్యానికి ప్రాణం 'తిండి తేకుండ'. దీనికీ ఒక పాఠాంతరం ఇంటింటా వాడుకలో ఉంది, 'తిండి తెగబెట్టి నాల్నాళ్లు' అని. గణాలు సరిపోతాయి, యతి కుదురుతుంది, వానపాములు చస్తాయి. మన ఇళ్లలో కొత్తగా వచ్చినవాళ్లకు వద్దన్నా వడ్డించడం మర్యాద. ఆ మర్యాదతోనే తొట్టిలోకి మొదటి రోజే బీరకాయ చెక్కు, అరటి తొక్క, నిన్నటి సాంబారులోని ములక్కాడ దిగబడతాయి. కొత్త అల్లుడైతే మొహమాటానికి తిని అరిగించుకుంటాడు. వానపాముకు పళ్లు లేవు. పచ్చి తొక్కను అది కొరకలేదు. సూక్ష్మజీవులు దాన్ని మెత్తబరిచాక, ఆ సూక్ష్మజీవులతో సహా మింగి, లోపల గిజర్డు అనే కండర సంచిలో ఇసుక రేణువులతో నూరుకుంటుంది. కొత్త తొట్టిలో ఆ సూక్ష్మజీవులు ఇంకా పెరగలేదు. కాబట్టి వేసిన తొక్క తిండి కాదు. అది పులిసి, వేడెక్కి, ఈగల్ని పిలుస్తుంది.

మరి నాలుగు రోజులు పస్తేనా అంటే, కాదు. పరుపులోని పేడా, నానిన కాగితమూ వాటికి భోజనమే. నూరుకోవడానికి గుప్పెడు మట్టో, దంచిన గుడ్డు పెంకు పొడో కలిపితే చాలు. ఆ తరవాత సన్నగా తరిగిన తొక్కలు గుప్పెడు, ఒక మూల పాతి, పైన కాగితం కప్పాలి. అది కనబడకుండా పోయాకే ఇంకో గుప్పెడు. నిమ్మచెక్క, ఉల్లి, వెల్లుల్లి, చింతపండు పిప్పి, ఉప్పూ కారం నూనె తగిలినవి ఏవీ పడకూడదు. అంటే తెలుగు వంట పూర్తయ్యాక మిగిలేది ఏదీ వాటికి పనికిరాదు. పొయ్యి ఎక్కకముందు మిగిలేదే వాటిది.

'నాల్నాళ్లు' దగ్గర రెండో గొడవ. ఇది గణం కోసం వచ్చిన అంకె. వారం అని చదువుకోవాలని వ్యాఖ్యాత సిద్ధాంతం. 'నాల్నాళ్లు' తరవాత 'ఊరకుండు' అని అచ్చు వస్తే సంధి చేయలేదేమని వైయాకరణులు నిలదీస్తారు. తొట్టికి గాలి ఆడే సందులు వదలాలని అందులో సూచన.

'ఊరకుండు' అంటే నోరు మూసుకోమని కాదు. మాటలు ఎంతైనా మాట్లాడుకోవచ్చు. చార్లెస్ డార్విన్ వానపాముల మీద 1881లో అచ్చువేసిన పుస్తకంలో ఈ పరీక్ష ఉంది. ఆయన కుండీల్లోని వానపాములు అరుపులకు కదల్లేదు, బసూన్ వాయించినా పట్టించుకోలేదు. కుండీని పియానో మీదే పెట్టి మెట్టు నొక్కితే మాత్రం బొరియల్లోకి దూరిపోయాయి. వాటికి చెవుల్లేవు, అదురు తెలుసు. కాబట్టి తొట్టిని వాషింగ్ మెషీన్ పక్కన పెట్టకండి, ఎలా ఉన్నాయో చూద్దామని పూటపూటా కెలకకండి. చీమలు ఎక్కకుండా స్టాండు కాళ్ల కింద నీళ్ల గిన్నెలు పెట్టి, లేచి వచ్చేయండి.

ఫలశ్రుతి

ఐసీనియా అయితే కొన్ని వారాలకు పరుపులో కందిగింజ కన్నా చిన్నవైన పసుపుపచ్చని గుడ్ల సంచులు కనిపిస్తాయి. కాపురం కుదిరిందనడానికి సాక్ష్యం అదే. ఒక్కో సంచి నుంచి ఒకటికి మించి పిల్లలు రావచ్చు.

ఈ పద్యాన్ని ఒక కాగితం మీద రాసి తొట్టి మూతకు బయటివైపు అతికించుకోండి. లోపలివైపు అతికిస్తే రాలి పరుపులో పడుతుంది, నాని మెత్తబడ్డాక వానపాములు తినేస్తాయి.