మీ పిల్లవాడికి చీటింగ్ మీరే నేర్పండి

తుపాకీ ఆటలు ఆడే పిల్లలున్న అమ్మానాన్నలకు నా సలహా ఇదే. చదవగానే కోపం వస్తే రానివ్వండి, కానీ చివరిదాకా చదవండి. హ్యాక్ వాడటం తప్పురా అని నాలుగు మాటలు చెప్పి వదిలేయకండి. వాడి పక్కన కూర్చుని ఒక ఆట తెరవండి, అందులో లెక్క ఎలా మారుతుందో మీ చేత్తో మీరే మార్చి చూపించండి.

నేను మొదట నీతి చెప్పే దారే పట్టాను. మా అక్క కొడుకు ఇంటర్ మొదటి సంవత్సరంలో ఉండగా, "మామయ్యా, వాడు గోడ అవతల నుంచే నన్ను కొడుతున్నాడు. నేనూ వేసుకుంటే తప్పేంటి?" అని అడిగాడు. నిజాయితీ గురించి అరగంట మాట్లాడాను, వాడు తలాడించాడు. వారం తిరక్కుండానే ఎవరో పంపిన హ్యాక్ ఫైలు వాళ్లమ్మ ఫోన్‌లో ఎక్కించాడు. ఆట అకౌంట్ పోయింది, మూడేళ్లు పోగేసిన స్కిన్లు, అంటే ఆటలోని వేషాలు పోయాయి, మా అక్క నంబరు నుంచి చుట్టాలందరికీ పిచ్చి లింకులు వెళ్లాయి. ఆ ఫైలు లోపల ఏం చేస్తుందో వాడికి తెలియదు. తెలియనిదంతా వాడికి మంత్రంలా కనిపించింది. నేను చెప్పాల్సింది ఆ మంత్రం గుట్టు, చెప్పింది మాత్రం ధర్మపన్నాలు.

అందుకే ముందు గుట్టు విప్పండి. నెట్‌తో పనిలేని, ఒక్కడే ఆడుకునే ఆట ఒకటి తీసుకోండి. ప్లాంట్స్ వర్సెస్ జాంబీస్ చక్కగా సరిపోతుంది. అందులో మొక్క నాటాలంటే సూర్యరశ్మి కావాలి, చాలా లెవెళ్లలో మొదట మన దగ్గర ఉండేది 50. ఆ 50 అనే అంకె కంప్యూటర్ మెమరీలో ఎక్కడో ఒకచోట రాసి ఉంటుంది. చీట్ ఇంజిన్ లాంటి సాధనంతో 50 కోసం వెతికితే వేలకొద్దీ చోట్లు చూపిస్తుంది, కంగారుపడొద్దు. ఆటలో రాలిన ఒక సూర్యుణ్ణి ఏరుకోండి, 75 అవుతుంది. ఇందాక 50 ఉండి ఇప్పుడు 75 అయిన చోట్లు మాత్రమే వెతకండి. ఇలా రెండు మూడు సార్లు చేసేసరికి ఒకటో రెండో మిగులుతాయి. అక్కడ 9000 అని రాసి ఆటలోకి వెళ్లమనండి. వాడి కళ్లు చూడండి అప్పుడు! ఆ సాధనం ఎక్కించేటప్పుడు మధ్యలో వేరే సాఫ్ట్‌వేర్లు అంటగట్టాలని చూస్తుంది, వాటన్నిటికీ వద్దనే నొక్కండి. పని అయ్యాక దాన్ని కంప్యూటర్‌లోంచి తీసేయండి.

పదిహేను నిమిషాలు ఆడేసరికి వాడికే విసుగొస్తుంది. 9000 సూర్యరశ్మి ఉన్నాక ఆ తోటలో ఆడటానికి ఇంకేమీ మిగలదు. ఈ విసుగు నా అరగంట ప్రసంగం కంటే బలంగా పనిచేస్తుందని నా నమ్మకం.

ఇక ఆన్‌లైన్ ఆట సంగతికి రండి. నీ రక్తం ఎంత, నీ తూటాలు ఎన్ని అనే లెక్క నీ కంప్యూటరే వేసుకుని కంపెనీ సర్వర్‌కి చెబితే, సర్వర్ దాన్ని అలాగే నమ్మితే ఏమవుతుంది? పరీక్ష రాసినవాడి చేతికే ఎర్ర పెన్నిచ్చి మార్కులు వేసుకోమన్నట్టు. 2016 మార్చిలో వచ్చిన ది డివిజన్ ఆట పీసీలో సరిగ్గా ఈ గోతిలోనే పడింది. ఎంతో ఖర్చుపెట్టి తీసిన ఆట, మంచు కురిసే న్యూయార్క్ వీధులు. అంత చేసి, ఆటగాడి కంప్యూటర్ చెప్పినదాన్ని సర్వర్ నమ్మింది. మెమరీ మార్చినవాళ్ల తూటాలు అయిపోవు, తుపాకీ అదరదు. డబ్బుపెట్టి కొనుక్కున్న నిజాయితీపరులు, ఆటగాళ్లు ఒకరినొకరు కాల్చుకునే డార్క్‌జోన్‌లోకి వెళ్లడమే మానుకున్నారు. తప్పు చీటర్లదే, కానీ తలుపు తీసిపెట్టింది ఆట రాసినవాళ్లు. లెక్క సర్వర్ దగ్గరే ఉండాలన్న పాఠం ఆ రంగానికి 2016 నాటికి కొత్తదేమీ కాదు.

లెక్క సర్వర్‌కి మార్చినా గోడ అవతల చూసేవాడు ఆగడు. దీన్ని పిల్లవాడికి పేకముక్కలతో చెప్పండి. ఎదుటివాడి ముక్కలు కూడా వాడి చేతికే బోర్లించి ఇచ్చి, చూడొద్దని ఒట్టు వేయించుకోండి. షూటర్ ఆటల్లో ఏళ్ల తరబడి జరిగింది ఇదే. శత్రువు ఎక్కడున్నాడో నీ కంప్యూటర్‌కి ముందే పంపేస్తారు, తెరమీద మాత్రం చూపరు. మెమరీ చదవగలిగినవాడికి అన్నీ కనిపిస్తాయి. అమీర్‌పేట నెట్ సెంటర్లో కౌంటర్‌స్ట్రైక్ ఆడిన నా తరానికి చీటింగ్ అంటే పక్కవాడి మానిటర్‌లోకి తొంగిచూడటం. వాల్‌హ్యాక్ దానికి పెద్దన్న. 2020లో వచ్చిన వాలరెంట్ ఆట దీనికి మంచి విరుగుడే కట్టింది. శత్రువు కనబడబోయే ముందువరకు వాడి జాడను నీ కంప్యూటర్‌కి పంపదు. చేతిలో లేని ముక్కను తొంగిచూసేదెలా? నాకు తెలిసిన చీట్ రక్షణల్లో ఇది అన్నిటికంటే తెలివైనది.

వాలరెంట్‌తోపాటు వచ్చిన వాన్‌గార్డ్ అనే చీట్ కాపలా సాఫ్ట్‌వేర్ మాత్రం విండోస్ మొదలవగానే దాని గర్భంలోనే కూర్చుంటుంది. మీరు బ్యాంకు పనులు చేసుకునే కంప్యూటర్‌లో అలాంటివి ఎక్కించాలా వద్దా అన్నది ఇంట్లో అందరూ కలిసి తేల్చుకోవాలి. నేనైతే వేరే మెషీన్ ఉంటేనే ఒప్పుకుంటాను.

గురి దానంతట అదే కుదిరే ఎయిమ్‌బాట్ ఇంకా మొండిది. 2018 అక్టోబరులో షాంఘైలో జరిగిన ఆసియా స్థాయి కౌంటర్‌స్ట్రైక్ పోటీలో మన దేశపు జట్టు ఆటగాడి కంప్యూటర్‌లో అది దొరికింది. ఫైలుకు వర్డ్ అని పేరు పెట్టుకున్నాడు. నిర్వాహకుడు వచ్చి చూడబోతే దాన్ని దాచెయ్యాలని చూశాడు. జట్టుని పోటీ నుంచి పంపేశారు, యాజమాన్యం జట్టునే ఎత్తేసింది, అతనికి ఐదేళ్ల నిషేధం పడింది. ఏ తప్పూ చేయని మిగతా నలుగురూ రోడ్డునపడ్డారు. ఈ కథ పిల్లలకు తప్పకుండా చెప్పండి. ఆ నలుగురి గురించి ఎక్కువసేపు చెప్పండి.

ఇంట్లో అన్నదమ్ములుంటే ఇంకోటి. ఆటలు అమ్మే స్టీమ్‌లో, ఫ్యామిలీ గ్రూపులో అన్న కొన్న ఆటను తమ్ముడు ఆడుతూ చీటింగ్‌లో దొరికితే ఆ ఆటలో అన్నకీ బ్యాన్ పడుతుంది. స్టీమ్ చీట్ కాపలా వేసే వాక్ బ్యాన్లు శాశ్వతం, దొరికిన రోజే పడాలనీ లేదు. బ్యాన్ పడితే కొత్త అకౌంట్‌కి డబ్బు ఇవ్వకండి. ఏడిస్తే ఏడవనివ్వండి.

మెమరీ మార్చడం నేర్చినవాడు రేపు దొంగ అవుతాడేమోనని మీ భయం. నాకు ఆ భయం లేదు. 2020లో వాన్‌గార్డ్‌లో లోపం పట్టిచ్చినవాళ్లకు లక్ష డాలర్ల దాకా ఇస్తామని దాన్ని తయారుచేసిన రయట్ కంపెనీయే ప్రకటించింది. ఆ లోపం కనిపెట్టడానికి కావలసిన చదువు కూడా ఆ 50, 75ల దగ్గరే మొదలవుతుంది. మా మేనల్లుడు ఇప్పుడు ఇద్దరాడే చిన్న ఆట ఒకటి సొంతంగా రాశాడు, రక్తం లెక్క సర్వర్‌లోనే పెట్టాడు. దాన్ని మోసం చేయమని నాకే సవాలు విసిరాడు. రెండు ఆదివారాలు కూర్చున్నాను, నావల్ల కాలేదు.

ఈ ఆదివారం మీరూ ఒక గంట కూర్చోండి. నెట్ తీగ మాత్రం పీకేసి కూర్చోండి.