పది మందికి ఒక బంతి

మన వేసవి శిబిరాల బాస్కెట్‌బాల్ కోచ్‌లకు శతకోటి దండాలు. బంతి కంటే ముందు పిల్లలకు ఓర్పు నేర్పే మహానుభావులు. ఇరవై మందిని ఒకే వరుసలో నిలబెడతారు. ముందున్నవాడు లేఅప్ వేసి వెళ్ళి తోకలో చేరతాడు. మళ్ళీ వంతొచ్చేలోగా పక్కవాడితో గిల్లికజ్జాలు, నేల మీద బొమ్మలు. గట్టు మీది తల్లిదండ్రులకు మాత్రం ఎంత క్రమశిక్షణో! వరుస ఫోటోలోనూ చక్కగా పడుతుంది.

చివర్లో ‘అసలు మ్యాచ్’. 28 మీటర్ల కోర్టులో పది మంది పిల్లలు, ఒక్క బంతి. మిగతా పది మందికి చప్పట్లు కొట్టే ఉద్యోగం. పొడుగువాడు రింగు కింద పాతుకుపోతాడు, చురుకైనవాడు బంతి వదలడు. జట్టుకు ముగ్గురు అటూ ఇటూ పరిగెడతారు. దాని పేరు టీమ్ స్పిరిట్. 40 నిమిషాలు సమంగా పంచినా మనిషికి దక్కేది 4 నిమిషాలు. ఆస్తులే సమంగా పంచుకోని వాళ్ళం, బంతిని పంచుతామా?

“అదే కోర్టులో రెండు రింగుల దగ్గరా ముగ్గురికి ముగ్గుర్ని ఆడించండి సార్. పన్నెండు మంది ఆడతారు, రెండు బంతులు తిరుగుతాయి, దాక్కునే వీలు ఎవడికీ ఉండదు” అని చూడండి. “అది గల్లీ ఆటండీ!” అంటారు. పాపం, ఈ సంగతి ఒలింపిక్స్ వాళ్ళకు తెలియక 2021లో టోక్యోలో ఆ గల్లీ ఆటకే పతకాలిచ్చేశారు. లాట్వియా కుర్రాళ్ళు బంగారం పట్టుకుపోయారు. అందులో 12 సెకన్లలో షాట్ వేసెయ్యాలి. మన సారు విజిల్ ఊది, ఉపన్యాసం ఎత్తుకునేసరికే ఆ గడువు కాస్తా తీరిపోతుంది. అసలు బాధ అదేనేమో.

సంప్రదాయమే ముఖ్యమంటారా? 1891లో స్ప్రింగ్‌ఫీల్డ్‌లో ఈ ఆటను కనిపెట్టిన నైస్మిత్ ఆడించిన తొలి ఆటలో జట్టుకు తొమ్మిది మంది. కారణం, ఆయన తరగతిలో ఉన్నది పద్దెనిమిది మంది! పిల్లల్ని బట్టి ఆటను కుదుర్చుకున్నాడా పెద్దమనిషి. మనం ఆటను బట్టి పిల్లల్ని సాగదీస్తున్నాం. మినీ బాస్కెట్‌బాల్‌లో రింగు 2.60 మీటర్ల ఎత్తున, బంతి 5వ నంబరు. మన దగ్గర ఎనిమిదేళ్ళవాడికీ 3.05 మీటర్లే, పెద్దల బంతే. ఉట్టికెగరలేనివాణ్ణి స్వర్గానికి ఎగరమని, నడుం దగ్గర్నుంచి విసిరితే “ఫామ్ బాలేదు” అని ఓ తిట్టు.

అమ్మలారా, అయ్యలారా! ఫీజు కట్టే ముందు ఒక్క సాయంత్రం ఆ గట్టు మీద కూర్చోండి. ఫోన్ జేబులో పెట్టి, మీవాడి చేతికి బంతి ఎన్నిసార్లు వచ్చిందో లెక్కపెట్టండి. డబ్బు ఆ తర్వాతే తియ్యండి.