నీటికాసుల కంటిలో గొట్టం: ఒక జీవితకథ

ఈ కథలోని గొట్టం పుట్టింది మదురైలో, అరవింద్ కంటి ఆసుపత్రి సంస్థల్లో ఒకటైన అరోల్యాబ్‌లో. పేరు ఆడి. 2013లో వాడుకలోకి వచ్చింది. ఒళ్లంతా సిలికానే: 350 చదరపు మిల్లీమీటర్ల పలుచని పలక, దానికి అతికిన సన్నని గొట్టం. వంశ మూలం దక్షిణాఫ్రికాలో ఆంటొనీ మోల్టెనో 1960ల చివర రూపొందించిన సాధనం. పోలిక మాత్రం అలాంటిదే మరో సాధనమైన బెయర్‌వెల్ట్ ఇంప్లాంట్‌ది. దిగుమతి సాధనాల ధర భరించలేని రోగుల కోసమే ఇది పుట్టింది.

కంటిలో నిమిషానికి 2 నుంచి 3 మైక్రోలీటర్ల నీరు ఊరుతుంది. అది బయటికి పోయే దారి మూసుకుపోతే ఒత్తిడి పెరిగి ఆప్టిక్ నరం దెబ్బతింటుంది. ఇదే నీటికాసులు (గ్లాకోమా). చుక్కల మందు, లేజర్ చాలనప్పుడు ఆపరేషన్ తప్పదు. చాలామందికి మొదట చేసేది 1968లో కెయిర్న్స్ వివరించిన ట్రాబెక్యులెక్టమీ. తెల్లగుడ్డులో చిన్న దారి తెరిచి నీటిని పైపొర కిందికి వదులుతారు. శరీరం ఆ దారిని గాయంగానే చూస్తుంది, మాన్పేయాలని చూస్తుంది. మచ్చ కట్టకుండా మైటోమైసిన్ అద్దినా కొన్ని కళ్లలో దారి పూడిపోతుంది.

గొట్టానికి పిలుపు ఎక్కువగా అలాంటి కళ్ల నుంచే వస్తుంది. పలకను కంటి కండరాల కింద, తెల్లగుడ్డు మీద కుడతారు. గొట్టం కొసను నల్లగుడ్డు వెనకనున్న నీటి గదిలోకి దూరుస్తారు. ఆడిలో కవాటం లేదు. వెంటనే తెరిస్తే ఒత్తిడి ప్రమాదకరంగా పడిపోతుంది కనుక, కరిగిపోయే దారంతో గొట్టాన్ని బిగించి కడతారు. దారం కరగడానికి సుమారు 5, 6 వారాలు. ఈలోగా పలక చుట్టూ ఒక పొర అల్లుకుంటుంది. ఆపైన నీటి వేగాన్ని నిర్ణయించేది ఆ పొరే. ఆపరేషన్ ఫలించలేదని రోగి దిగులుపడేది ఈ వారాల్లోనే. అప్పటికి గొట్టం ఇంకా పని మొదలుపెట్టి ఉండదు.

ఇంతకీ ఫలితమెంత? అంతకుముందే ఆపరేషన్ జరిగిన కళ్లలో బెయర్‌వెల్ట్‌ను ట్రాబెక్యులెక్టమీతో పోల్చిన అమెరికా అధ్యయనంలో, 5 ఏళ్లకు గొట్టం 29.8 శాతం కళ్లలో విఫలమైంది, ట్రాబెక్యులెక్టమీ 46.9 శాతంలో. ఆపరేషన్ ఎరుగని కళ్లలో మాత్రం మొదటి ఏడాది ట్రాబెక్యులెక్టమీదే పైచేయి. కాబట్టి ఏది మేలన్న ప్రశ్నకు జవాబు ఆ కంటి చరిత్రలోనే ఉంటుంది.

విజయమంటే ఇక్కడ ఒత్తిడి అదుపు. పోయిన చూపు తిరిగి రాదు. మిగిలినదాన్ని నిలపడమే శస్త్రచికిత్స పని. ఈ మాట ఆపరేషన్‌కు ముందే రోగికి స్పష్టంగా చెప్పాలి. శుక్లాల ఆపరేషన్‌తో చూపు వచ్చినవాళ్లను చూసిన ఇంట్లో అదే ఆశ ఉంటుంది. ఒత్తిడి ప్రతి పరీక్షలోనూ 18 మి.మీ. పాదరసం కంటే తక్కువున్న కళ్లలో సగటున చూపు పరిధి కుంచించుకుపోలేదని మరో పెద్ద అధ్యయనం తేల్చింది.

గొట్టం వల్ల కీడూ ఉంది. కొస తగిలి నల్లగుడ్డు మసకబారవచ్చు, కండరాల దగ్గర పలక వల్ల వస్తువులు రెండుగా కనిపించవచ్చు, పైపొర అరిగి గొట్టం బయటపడితే ఇన్‌ఫెక్షన్ లోపలికి చేరవచ్చు. అందుకే జీవితాంతం పరీక్షలు ఆపకూడదు. ఒత్తిడి మళ్లీ పెరిగితే చుక్కలు కలుపుతారు. అవీ చాలకపోతే మరోచోట రెండో గొట్టం అమర్చడమో, నీరు ఊరే భాగాన్ని లేజర్‌తో కొంత కాల్చడమో చేస్తారు.